లారీకి కుడిపక్క చెక్క

"ఒరేయ్, మీ బావ లేవట్లేదురా."

మా అక్క ఫోన్లో మొదట అన్నది అంతే. పొద్దున ఏడు గంటలు. దాచేపల్లిలో మా ఇంటి వరండాలో కూర్చుని పేపర్లో తప్పుల కింద ఎర్ర పెన్నుతో గీతలు గీస్తున్నాను. హెడ్మాస్టరుగా రిటైరై చాలా ఏళ్లయింది, ఆ అలవాటు మాత్రం పోలేదు. "లేవట్లేదంటే ఏందక్కా? సరిగ్గా చెప్పు" అని కసిరాను. చావు కబురు చెప్పే మనిషిని కూడా సరిగ్గా చెప్పమన్నాను. ఆమె సరిగ్గానే చెప్పింది.

చొక్కా మార్చుకుని గుంటూరు బస్సెక్కాను. ఎప్పుడూ ఆ ప్రయాణంలో మా బావకి రెండుసార్లు ఫోన్ చేసేవాణ్ణి. బస్సెక్కగానే ఒకసారి, పిడుగురాళ్ల దాటగానే ఒకసారి. ఆ రోజు చేయలేదు. ఎవరికి చేస్తాను? ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, దీంతో తర్వాత పనుంది.

మా చర్చి సంఘం మాసపత్రికవాళ్లు మా బావ గురించి "రెండు మంచి మాటలు" రాసివ్వమన్నారు. మంచి మాటలు రాయటం నాకు చేతకాదని వాళ్లకీ తెలుసు. అయినా ఒప్పుకున్నాను. ఎందుకో దాచను. ఆయన్ని తక్కువ చేసినవాళ్లు గుంటూర్లో కొందరున్నారు, వాళ్లకి నాలుగు వాతలు పెట్టటానికి ఇదే అదననుకున్నాను. పేర్లు రాయను. చదివినప్పుడు ఎవరి వీపు వాళ్లకి చురుక్కుమంటుంది.

మొదటి వాత లారీ బాడీల షెడ్డు యజమానికి. మా బావ చదివింది ఐదో తరగతి. మీసాలు రాకముందే ఆ షెడ్డులో చేరి, లారీలకి చెక్క బాడీలు కట్టే పనిలో ముసలివాడైపోయాడు. మిర్చి యార్డుకి టిక్కీ బస్తాలు మోసిన లారీలు, పత్తి బోరెలు మోసిన లారీలు, పిడుగురాళ్ల నుంచి సున్నపురాయి మోసిన లారీలు, వాటిలో ఎన్నింటికి ఆయన చెయ్యి తగిలిందో ఆయనకే తెలియదు. ఇనుప బాడీలు రాగానే ఒక గోడగడియారం చేతిలో పెట్టి, ఫోటో తీసి పంపేశారు. ఆ గడియారం మొదటి నెల నుంచే పది నిమిషాలు వెనక నడిచేది. అక్క బాగుచేయించమంటే ఆయన వద్దన్నాడు. "షెడ్డోళ్లు ఇచ్చింది గదా, షెడ్డు టైమే చూపిస్తది. వాళ్లు ఏనాడన్నా మమ్మల్ని టైముకి ఇంటికి పంపారా?"

రెండోది మా పాస్టరు గారికి. ఆయన మంచివాడే, కాని సులువైన మాట దొరికితే వదలడు. సమాధి దగ్గర "మన రక్షకుడు కూడా వడ్రంగి కుమారుడే" అన్నాడు. ఇదే మాట మా బావ బతికుండగా కూడా ఒకసారి అన్నాడు. అప్పుడు మా బావ చెప్పిన జవాబు ఇక్కడ రాసిపెడుతున్నాను: "ప్రభువు లారీ బాడీలు కట్టలేదులే అయ్యగారూ. కట్టుంటే ఓనర్ల గురించి సువార్తలో ఇంకో అధ్యాయం ఉండేది."

మూడోది చుట్టుపక్కల వాళ్లకి, బంధువులకి. షెడ్డు మానేశాక ఆయన ఇంటి ముందుగదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని ఒక చెక్క లారీ చేయటం మొదలుపెట్టాడు. "ముసలాయనకి పనిలేక బొమ్మలు చేసుకుంటన్నాడు" అన్నారు. బొమ్మ కాదయ్యా అది. ఆయన తనంతట తాను, మేస్త్రీ పక్కన లేకుండా మొట్టమొదట బాడీ కట్టిన లారీ. ముందు మూతి పొడుచుకొచ్చిన పాత రకం. దాన్ని అడుక్కి అంగుళం లెక్కన, మళ్లీ మొదటి నుంచి కట్టాడు. నాలుగేళ్లు పట్టింది.

అందులో ఏం లేదు? స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు తిరుగుతాయి. డ్రైవరు సీటు పైకెత్తితే కింద పానాల పెట్టె, పెట్టెలో బియ్యపుగింజంత పానాలు. తాళ్లు కట్టుకునే కొక్కేలు, అద్దం పక్కన వేలాడే నీళ్ల డబ్బా. టైర్లన్నీ టేకు చెక్కతో తిప్పి, వాటి మీద గాట్లు ఉలితో ఒక్కొక్కటీ కోశాడు. వెనక ఎడమ టైరుకి మాత్రం గాట్లు లేవు, నున్నగా ఉంటుంది. "ఇదెందుకు వదిలేశావు బావా?" అంటే, "ఆ టైరు అరిగిపోయింది. మార్చమని డ్రైవరు మొత్తుకున్నా ఓనరు వినలేదు. నేను మాత్రం ఎందుకు మారుస్తా?" అన్నాడు.

మిర్చి టిక్కీలు కుట్టింది మా అక్క. గోనెపట్టా ముక్కలు అగ్గిపెట్టెలంత కత్తిరించి, దబ్బనంతో కుడితే చిల్లులు పెద్దవవుతున్నాయని మామూలు సూదితో కుట్టింది. లోపల రంపపు పొట్టు నింపుదామంటే ఆయన ఒప్పుకోలేదు. తాలు మిరపకాయలు తెప్పించి, దంచి నింపాడు. ఆ రెండు రోజులూ ఆ ఇంట్లో తుమ్మని మనిషి లేడు. "ఇదేం పిచ్చయ్యా, లోపల ఏముందో ఎవడు చూస్తాడు?" అని అక్క ముక్కు తుడుచుకుంటూ తిట్టేది. "ఎవడూ చూడడు. బండికి తెలుస్తదిగా" అనేవాడు.

ఇక నా సంగతి.

మా నాన్న అక్కని ఆయనకిచ్చి చేసినప్పుడు నేను ట్రైనింగు కాలేజీలో ఉన్నాను. "చెక్కలు కొట్టేవాడికా?" అని పెళ్లిలో మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఆయన నా పక్కన కూర్చుని, "మేష్టారూ, కుర్చీ కాలు ఊగుతంది, పడతారు. లేవండి, చీలిక పెడతా" అన్నాడు. నిజంగానే వంగి చీలిక పెట్టాడు, పెళ్లిబట్టల్లో. ఆ రోజు నుంచి నన్ను "మేష్టారూ" అనే పిలిచాడు. అప్పటికి నాకు ఉద్యోగం కూడా రాలేదు. వెక్కిరింపో, గౌరవమో తేల్చుకోలేక నేను చాలా ఏళ్లు ఇబ్బంది పడ్డాను.

నేను చదివినవాణ్ణి. ఇది గొప్ప కోసం చెప్పటంలేదు, నా జబ్బు ఏమిటో చెబుతున్నాను. పురాణాలు, తర్కం, తెలుగులోకి వచ్చిన రష్యా నవలలు, రేఖాగణితం, దొరికిందల్లా చదివాను. చదివిన మనిషికి ఎదుటివాడి తప్పు ముందు కనిపిస్తుంది, మనిషి తర్వాత కనిపిస్తాడు. లారీ దాదాపు పూర్తయిందని కబురొస్తే గుంటూరు వెళ్లాను. షెడ్డులో ఆయనతో పనిచేసిన పాతవాళ్లు ఇద్దరు, పక్కింటివాళ్లు, అందరూ లారీ చుట్టూ చేరి ఉన్నారు. నేను అన్నివైపులా తిరిగి చూసి, సంచిలోంచి స్కేలు తీశాను.

"బావా, నీ లారీ కుడిపక్కకి ఒరిగింది."

"ఒరిగిందా?"

"పక్క చెక్క పైన అరంగుళం బయటికి పోయింది. ఎడమది నిట్టనిలువుగా ఉంది. అంటే అసలు బండిలో ఆరంగుళాలు. చూడు."

"ఉంటది."

"ఉంటదంటే ఏంది? కొలత తప్పావు, ఒప్పుకో."

"బండి అట్టాగే ఉండేది మేష్టారూ."

"ఏ బండీ అట్టా ఉండదు. నువ్వేగా కట్టింది? వంకరగా కట్టావా?"

షెడ్డువాళ్లు ఇద్దరూ పకపకా నవ్వారు. ఆయనా నవ్వాడు. "నేను కట్టిన రోజుది కాదు ఇది, బండి బతికిన రోజులది. లోడెక్కనప్పుడు ప్రతి బండీ తిన్నగానే ఉంటది" అన్నాడు. నేను ఊరుకోలేదు. నమూనా అంటే ఏమిటో, అది ఎందుకు లోపం లేకుండా ఉండాలో ఉపన్యాసం మొదలుపెట్టాను. అందరూ విన్నారు. ఆయన ఒకసారి మా అక్క వైపు చూశాడు. తర్వాత చేతులు లుంగీకి తుడుచుకుని, "సర్లే, చదువుకున్నోడివి. తిన్నగా చేద్దాంలే" అన్నాడు.

నెల తర్వాత వెళితే కుడిపక్క చెక్క తిన్నగా ఉంది. స్కేలు పెట్టి చూశాను, వెంట్రుకవాసి తేడా లేదు. "ఇప్పుడు లారీలా ఉంది" అన్నాను. "అంతేనంటావా?" అని టీ గ్లాసు అందించాడు. నేను చెప్పగానే తప్పు దిద్దుకున్న మనిషి లోకంలో మా బావ ఒక్కడేనని దాచేపల్లిలో కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాను.

ఆ తర్వాత ఒక స్కూలు ఆవరణలో చేతిపనుల ప్రదర్శన పెడితే, ఆయన వద్దంటున్నా నేనే పేరు రాయించాను. నేనే దగ్గరుండి లారీని ఆటోలో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. అక్కడికి ఆ అసలు లారీని నడిపిన డ్రైవరు వచ్చాడు. మా బావ వయసువాడే, కర్ర సాయంతో నడుస్తున్నాడు. లారీ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నున్నటి టైరు మీద వేలు పెట్టి నవ్వాడు. కుడిపక్కకి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

"బండి బాగుంది. మాది కాదు."

"నీకు కళ్లు సరిగ్గా కనపడతన్నాయా? అసలు బండిని కట్టిన మనిషే చేశాడు ఇది" అన్నాను.

అతను నన్ను చూడలేదు. మా బావని చూశాడు. మా బావ లారీ అద్దం మీద లేని దుమ్ము తుడుస్తున్నాడు. అతను కర్ర పొడుచుకుంటూ వెళ్లిపోయాడు.

బహుమతి థర్మోకోలు గోపురానికి ఇచ్చారు. మా లారీ గురించి న్యాయనిర్ణేత, ఎవరో ఇంజనీరింగ్ కాలేజీ ఆయన, "పనితనం ఉంది కాని షాపులో కొన్నట్టుంది" అన్నాడట. నిర్వాహకులకి మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. నాలుగో వాత ఆ న్యాయనిర్ణేతకి పెడదామని ఇన్నాళ్లూ దాచుకున్నాను. ఇప్పుడు ఆ వాత అతనికి పెట్టలేను. ఎందుకో చెబుతాను.

భూస్థాపన చేసి వచ్చాక ముందుగదిలో కూర్చున్నాం. మనుషులు వస్తున్నారు, పోతున్నారు. నాకు ఒకచోట కుదురులేదు. లేచాను, కూర్చున్నాను, గడియారం చూశాను, అది పది నిమిషాలు వెనక ఉంది, మళ్లీ లేచాను. కిటికీ పక్కన బల్ల మీద లారీ కనిపించింది. కుడిపక్క చెక్క బయటికి ఒరిగి ఉంది.

ఇంత జనంలో ఎవడో తోసేశాడనుకున్నాను. ఒళ్లు మండింది. "ఎవర్రా దీన్ని గుద్దింది? చచ్చిన మనిషి వస్తువంటే అంత చులకనా?" అని అరిచాను. ఏడుస్తున్నవాళ్లు కూడా ఏడుపు ఆపారు. నేను వెళ్లి ఆ చెక్క మీద అరచెయ్యి పెట్టి లోపలికి నొక్కాను. ఎక్కడో మేకు కిర్రుమంది.

"ముట్టుకోమాక మేష్టారూ!"

గుమ్మం పక్కన కుర్చీలో కూర్చున్న డ్రైవరు. కర్ర కింద పడేసి లేచి వచ్చాడు. నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసేశాడు. కళ్లజోడు పైకి జరుపుకుని ఆ చెక్కని చూశాడు. దాని పైఅంచు మీద వేళ్లు ఆనించి మెల్లగా చివరిదాకా నడిపించాడు.

"ఇదీ మా బండి" అన్నాడు.

"వంకరగా ఉంది" అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినపడింది.

"ఉండదా మరి? మిర్చి లేని నెలల్లో సున్నపురాయికి పోయేవోళ్లం. క్వారీలో కూలోళ్లు ఎడమపక్కన నిలబడి రాళ్లు ఎత్తేసేవోళ్లు. కుడిపక్కన గుంట, అక్కడ నిలబడే చోటే లేదు. ఎన్నేళ్లు! ప్రతి రాయీ వచ్చి ఈ చెక్కనే గుద్దేది. ఆయన చెక్క బద్దీలు కొడతానే ఉన్నాడు, ఇది ఒరగతానే ఉంది. మిర్చి యార్డులో మా బండిని దూరాన్నించే గుర్తుపట్టేవోళ్లు, ఒక పక్క చెయ్యి చాపినట్టుండేదని."

 మా అక్క లేచి లోపలికెళ్లింది. పాత దిండుగలీబులో చుట్టిన పలచటి వస్తువొకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. విప్పాను. తిన్నటి చెక్క. నేను స్కేలు పెట్టి కొలిచి మెచ్చుకున్న చెక్క.

"ఇదెప్పుడు తీశాడు?"

"నువ్వు పోయినసారి వచ్చి వెళ్లిన రోజే."

"మొన్న వచ్చినప్పుడు ఉందిగా?"

"ఉంటది. నువ్వొస్తే ఉంటది." ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి. "నువ్వు బస్సెక్కానని ఫోన్ చేస్తే నన్ను టీకి పాలు తెప్పించమనేవాడు. పిడుగురాళ్ల దాటానంటే బల్ల దగ్గరికి పోయేవాడు. నాలుగు మేకులు పీకి, అది తీసి, ఇది బిగించేవాడు. నువ్వు వెళ్లి వీధి మలుపు తిరగంగానే మళ్లీ ఇది తీసి అది పెట్టేవాడు."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ. ఇయ్యాల నువ్వు ఫోన్ చెయ్యలేదు. చేసినా మార్చేవాడు లేడు."

"నాకు చెప్పొచ్చుగా అక్కా? నాకొక మాట చెప్తే ఏం పోయింది?"

"నేనూ అదే అన్నా. 'తప్పు తనదని తేలితే మీ తమ్ముడు మళ్లీ ఈ గుమ్మం తొక్కడు. నీకున్నది ఆ ఒక్కడేగా. చెక్కదేముంది, నాలుగు మేకులు' అన్నాడు."

ఇక్కడ నేను కరిగిపోయానని రాస్తే మీకు బాగుంటుంది. నాకు ముందు వచ్చింది కోపం. నన్ను చంటిపిల్లాడిలా చూశాడు. చేసిన తప్పు తెలుసుకునే అవకాశం కూడా ఇవ్వకుండా, ఇన్నేళ్లూ టీ తాగించి పంపాడు. ఆ ప్రదర్శనలో, తన డ్రైవరు తన బండిని కాదన్నప్పుడు కూడా నోరు విప్పలేదు. ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు. పోతుందని కూడా అనుకోను. కాని ఆయన అన్నదాంట్లో తప్పేముంది? నాకు తెలుసు. తప్పు నాదని ఆ రోజు తేలి ఉంటే నేను ఆ గుమ్మం తొక్కేవాణ్ణి కాదు. ఇలాంటి పట్టింపుకే నా తమ్ముడితో పదేళ్లు మాట్లాడని, చివరికి తమ్ముడే లేకుండా పోయిన మనిషిని నేను. అది మా అక్క చూసింది, ఆయనా చూశాడు.

అప్పటి నుంచి ఒక ఆలోచన నన్ను కుదురుగా కూర్చోనివ్వటంలేదు. నేను గేటు తీసిన చప్పుడు వినగానే నా భార్య రేడియో ఆపేసేది. ఆమెకి పాటలంటే ఇష్టం లేదనుకున్నాను. నేను స్టాఫు రూములోకి రాగానే నవ్వులు ఆగిపోయేవి. క్రమశిక్షణ అనుకున్నాను. ఒంగోలులో ఉన్న మా అబ్బాయి ఫోన్లో నేనేమన్నా "అవును నాన్నా" అంటాడు. నా పోలికే అనుకున్నాను. ఎంతమంది నా కోసం ఎన్ని చెక్కలు మార్చారో, నేను మలుపు తిరగ్గానే మళ్లీ ఎన్ని మార్చుకున్నారో.

వారం తర్వాత ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక ప్రార్థనకి షెడ్డు యజమాని కొడుకు వచ్చాడు. వాళ్లదిప్పుడు ఇనుప బాడీల పెద్ద షోరూము. కుర్రవాడు మర్యాదగానే మాట్లాడాడు. "అత్తమ్మగారూ, ఈ లారీని మా షోరూములో గాజు పెట్టెలో పెడతాం. ఆయన పేరు కూడా రాయిస్తాం. ఆ కుడిపక్క ఒక్కటీ కొంచెం తిన్నగా చేయిస్తే లుక్కు బాగుంటుంది" అన్నాడు.

వాడి తండ్రి కోసం దాచుకున్న మాటలన్నీ నా నాలుక చివరికి వచ్చాయి. చివరిదాకా వచ్చి ఆగిపోయాయి. వాడన్నది కొత్త మాట కాదు. నేను స్కేలు పట్టుకుని, పదిమంది ముందు, ఉపన్యాసం కలిపి అన్న మాటే. వాడు కనీసం మర్యాదగా అన్నాడు.

మా అక్క నా వైపు తిరిగింది. "ఏరా, చదువుకున్నోడివి, నువ్వు చెప్పు. చేయిద్దామా?"

గదిలో అందరూ నా వైపు చూశారు. డ్రైవరు కూడా.

"బండి అట్టాగే ఉండేది బాబూ" అన్నాను. "అట్టా పెడితేనే తీసుకెళ్లు. లేకపోతే ఇక్కడే ఉంటది."

ఆ కుర్రవాడు ఆలోచించి చెబుతానన్నాడు. ఇంకా చెప్పలేదు. లారీ ఇంకా కిటికీ పక్కనే ఉంది. డ్రైవరు మాత్రం వెళ్లేటప్పుడు నా భుజం మీద చెయ్యివేసి, "ఈసారి కళ్లు సరిగ్గా కనపడినయ్యి మేష్టారూ" అన్నాడు. పడాల్సిన మాటే, పడ్డాను.

తిన్నటి చెక్కని మా అక్క నాకే ఇచ్చేసింది. "నీ కోసం చేసిందేగా, నువ్వే ఉంచుకో" అంది. దాచేపల్లి తెచ్చి పుస్తకాల అలమరలో పెట్టాను. అక్కణ్ణుంచి తీసి బల్ల మీద పెట్టాను. కిటికీలో పెట్టాను. ఎక్కడ పెట్టినా కుదరలేదు. చూడగా చూడగా ఒకటి కనిపించింది. ఆ చెక్క మీద చిత్రిక పట్టిన తీరు, అంచులు నున్నగా చేసిన తీరు, లారీకున్న చెక్క కన్నా ఒక్క పిసరు ఎక్కువే. అబద్ధాన్ని కూడా చేతకానట్టు చేయలేదు ఆయన. మూలల్లో నాలుగు మేకు రంధ్రాలు. పీకి పెట్టి, పీకి పెట్టి అవి అరిగి, వెడల్పయి, గుండ్రంగా తేలాయి. నేను ఎన్నిసార్లు గుంటూరు వెళ్లానో ఆ రంధ్రాలకి తెలుసు.

మొన్న ఆదివారం మళ్లీ బస్సెక్కాను. ఆ చెక్కని సంచిలో వేసుకున్నాను. ఎందుకంటే చెప్పలేను, ఇంట్లో వదిలేసి రాబుద్ధి కాలేదు. పిడుగురాళ్ల దాటాక నా చెయ్యి దానంతటదే ఫోను తీసి మా బావ నంబరు నొక్కింది. నొక్కాక గుర్తొచ్చింది. ఆపేద్దామనుకునేలోపే మా అక్క ఎత్తింది.

"ఎక్కడున్నావురా?"

"పిడుగురాళ్ల దాటానక్కా."

 అటువైపు వెనక గోడగడియారం కొట్టుకుంటున్నది వినిపించింది.

"రారా" అంది. "ఇక్కడ మార్చేదేం లేదు."

ఫోను జేబులో పెట్టుకుని సంచిలోంచి చెక్క తీశాను. బస్సు పక్కనుంచి సున్నపురాయి లోడుతో ఇనుప లారీ ఒకటి గర్జిస్తూ దాటిపోయింది. అది పోయాక కిటికీలోంచి ఎండ మళ్లీ నా ఒళ్లో పడింది. చెక్కని అడ్డం పట్టుకుని కూర్చున్నాను. నాలుగు చిల్లుల్లోంచి నాలుగు వెలుగు చుక్కలు నా పంచె మీద పడి, బస్సు కుదుపులకి కుదురు లేకుండా అటూ ఇటూ కదులుతూనే ఉన్నాయి.